లారీ దిగిన వారానికే గోడౌన్ ఖాళీ: బ్యాక్ ఆర్డర్ల లెక్క ఎక్కడ తప్పుతోంది?

ముందు ప్రశ్న క్లుప్తంగా. ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో పంపుసెట్లు, స్టార్టర్లు, కేబుల్, పైపుల హోల్‌సేల్ షాపు. సరుకు కోయంబత్తూరు నుంచి పార్ట్ లోడ్‌లో, అంటే ఇతరుల సరుకుతో కలిసి ఒకే లారీలో వస్తుంది. అటు కాశీనగర్, గుమ్మ, ఆర్.ఉదయగిరి షాపులకు, ఇటు నది దాటి ఆంధ్రాలోని పాతపట్నం వైపు పార్టీలకు అమ్ముతారు. 1 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ పంపు చేతిలో ఒక్కటీ లేదు, దారిలో 60 ఉన్నాయి, పార్టీలకు ఇవ్వాల్సినవి 35, అమ్మకం రోజుకు సుమారు 4. "60 వస్తున్నాయి కదా అని ఆగుతున్నాం. లారీ దిగిన వారంలోపే మళ్లీ ఖాళీ. ప్రతిసారీ ఇదే తంతు. ఎందుకిలా?"

దారిలో ఉన్న 60 పంపుల్నీ మీవే అనుకుంటున్నారు, తప్పు అక్కడుంది. అందులో 35 ఎప్పుడో అమ్మేసినవి. బ్యాంకులో 60 వేలు ఉండి, 35 వేలకు చెక్కులు ఇచ్చేసి ఉంటే, అవి ఇంకా పాస్ కాలేదు కదా అని 60 వేలూ ఖర్చుపెట్టుకోం. బ్యాక్ ఆర్డరూ, అంటే పార్టీ అడిగినా సరుకు లేక ఇంకా ఇవ్వని ఆర్డరూ అంతే, అది మీ బాకీ. కంపెనీకి కొత్త పీఓ (పర్చేజ్ ఆర్డర్) పెట్టాలా వద్దా అని చూసేటప్పుడు గోడౌన్ వైపు కాదు, ఈ లెక్క వైపు చూడాలి:

చేతిలో ఉన్నది + దారిలో ఉన్నది − ఇవ్వాల్సిన బాకీ
0 + 60 − 35 = 25

మీ అమ్మకం రోజుకు సుమారు 4 అన్నారు. 25 పంపులు ఆరు రోజులకు సరిపోతాయి. పీఓ పెట్టిన రోజు నుంచి సరుకు ర్యాక్‌లోకి రావడానికి సగటున 9 రోజులు పడుతోంది. అంటే లారీ దిగాక పీఓ పెడితే మూడు రోజుల లోటు ఖాయం. ఆ మూడు రోజుల్లో మళ్లీ 12 ఆర్డర్లు బాకీ పడతాయి. తర్వాతి లారీలో కొంత ముందుగా వాటిని తీర్చడానికే పోతుంది. అందుకే మీకు ఇది ప్రతిసారీ కొత్తగా వచ్చిన కష్టంలా కనిపిస్తుంది గానీ, ఉన్నది ఒక్కటే, పాత బాకీ తిరిగి తిరిగి వస్తోంది.

ఇక ఆ "రోజుకు 4" సంగతి. ఈ అంకె ఎలా తీశారో చూసుకోండి. చాలామంది మూడు నెలల అమ్మకం తీసుకుని 90తో భాగిస్తారు. 270 పంపులు అమ్మితే రోజుకు 3 అని వస్తుంది. కానీ ఆ 90 రోజుల్లో 22 రోజులు షాపులో పంపే లేకపోతే, అమ్మకం జరిగింది 68 రోజుల్లోనే. 270ని 68తో భాగిస్తే దాదాపు 4. లేని రోజుల్ని కలిపి సగటు తీస్తే గిరాకీ తక్కువగా కనిపిస్తుంది, దాన్ని నమ్మి తక్కువ ఆర్డరు పెడతారు, మళ్లీ సరుకు అయిపోతుంది, సగటు ఇంకా పడిపోతుంది. బాకీగా రాసుకున్న ఆర్డర్లు ఉంటే వాటిని ఇచ్చిన తేదీన కాదు, పార్టీ అడిగిన తేదీన లెక్కించాలి. లేకపోతే లారీ దిగిన రోజు 35 అమ్మినట్టు, మిగతా వారమంతా సున్నా అమ్మినట్టు రికార్డు తయారవుతుంది. కౌంటర్‌లో "లేదు" అని చెప్పి పంపేసిన వాళ్లకూ ఓ నోట్‌బుక్ పెట్టండి. పేరు అక్కర్లేదు, తేదీ, ఐటెం, ఎన్ని. ఇంతే.

సరుకు వచ్చే గడువును ఎల్‌ఆర్ (ట్రాన్స్‌పోర్టు వాళ్లిచ్చే లారీ రసీదు) తేదీ నుంచి కొలవకండి. పీఓ పెట్టిన తేదీ నుంచి, పెట్టె విప్పి ర్యాక్‌లో పెట్టిన తేదీ దాకా కొలవాలి. మధ్యలో నాలుగు చోట్ల రోజులు పోతాయి: కంపెనీ ఆర్డర్ ఒప్పుకోవడం, లోడ్ నిండేదాకా ఆగడం, విశాఖలోనో బరంపురంలోనో సరుకు మార్చడం, చివరి బండి. గత పన్నెండు లారీలకు ఈ నాలుగూ విడివిడిగా రాసి చూడండి. చాలా షాపుల్లో బయటపడే ఐదోది ఇంకొకటుంది, అది ఎవరూ ముందు ఒప్పుకోరు: మన పాత బిల్లు గడువు దాటితే కంపెనీ డిస్పాచ్ ఆపేస్తుంది. ఫోన్‌లో "ప్రొడక్షన్ లేటు సార్" అంటారు, అసలు సంగతి క్రెడిట్ లిమిట్. అలాంటప్పుడు ఎన్ని పీఓలు పెట్టినా లాభం లేదు, పాత బిల్లు కట్టడమే ఆ సరుకుకు దారి.

ఇప్పుడు భద్రత స్టాకు, అంటే సేఫ్టీ స్టాక్. "ఓ పది ఎక్స్‌ట్రా ఉంచుదాం" అని చేత్తో వేసే అంచనా ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే తేడా రెండు వైపుల నుంచి వస్తుంది. మీ అంకెలతోనే వేద్దాం. రోజు అమ్మకం సగటు 4, అటూ ఇటూ ఊగేది 2 అనుకుందాం. లారీ గడువు సగటు 9 రోజులు, ఊగేది 3 రోజులు. ఈ ఊపు అంటే ఎక్సెల్‌లో ఎస్‌టీడీఈవీ ఫార్ములా ఇచ్చే అంకె, చేత్తో వేయక్కర్లేదు.

అమ్మకం వల్ల: 9 × (2 × 2) = 36
లారీ వల్ల: (4 × 4) × (3 × 3) = 144
మొత్తం 180, వర్గమూలం 13.4
నూటికి 95 సార్లు ఖాళీ కాకుండా ఉండాలంటే 1.645తో గుణించాలి: 22

ఆర్డరు పెట్టాల్సిన మట్టం: 4 × 9 = 36, దానికి 22 కలిపితే 58.

36, 144 అనే రెండు అంకెల్ని కాస్త నిలబడి చూడండి. రైతు ఎప్పుడు వస్తాడో తెలియకపోవడం వల్ల మీకు పడే భారం 36 అయితే, లారీ ఎప్పుడు వస్తుందో తెలియకపోవడం వల్ల పడేది 144. లారీ ఊపు 3 రోజుల నుంచి 1 రోజుకు తగ్గితే మొత్తం 36 + 16 = 52, వర్గమూలం 7.2, భద్రత స్టాకు 12 చాలు. పది పంపుల పెట్టుబడి విడుదలవుతుంది. గడువు 9 రోజులే ఉన్నా ఫర్వాలేదు, ప్రతిసారీ 9 అయితే చాలు. "తొందరగా పంపండి" అని కంపెనీ మీద అరిచే బదులు "వారంలో ఏ రోజు లోడ్ కడతారో ఖాయం చేయండి" అని అడగడం మేలు. ఉదాహరణకు మంగళవారం బండిలో చోటు ముందే ఖాయం చేసుకోగలిగితే, నలుగురు డీలర్లు కలిసి లోడ్ నింపగలిగితే, ఆ ఊపు చాలావరకు తగ్గుతుంది.

పీఓ రోజూ కాకుండా వారానికోసారే పంపేవాళ్లకు 58 అనే మట్టం చాలదు. ఇవాళ పెట్టిన పీఓ వచ్చే వారం పీఓ సరుకు దిగేదాకా కాపాడాలి, అంటే 9 + 7 = 16 రోజులు. 4 × 16 = 64. భద్రత స్టాకు: 16 × 4 = 64, దానికి 144 కలిపితే 208, వర్గమూలం 14.4, 1.645తో గుణిస్తే 24. మొత్తం 88. ప్రతి వారం 88లోంచి పైన చెప్పిన లెక్క తీసేసి మిగిలింది ఆర్డరు పెట్టాలి. మీ 25 మీద చూస్తే ఈ వారం 63 పెట్టాలి. 60 దారిలో ఉండగా ఇంకో 63 అంటే గుండె గుభేలుమంటుంది. అందుకే ఆ 35 నిజమో కాదో ముందు తేల్చుకోవాలి.

అది కచ్చితంగా 35 కాదు. సీజన్‌లో పంపులు దొరకడం లేదని తెలిస్తే చిన్న షాపు వాళ్లు మీ దగ్గర 10, బరంపురంలో 10, రాయగడలో 10 చెబుతారు, కావాల్సింది మాత్రం 10. ఎవరి దగ్గర ముందొస్తే వాళ్ల దగ్గర తీసుకుని మిగతా చోట్ల ఫోన్ ఎత్తరు. మీరు ఆ 10ని నమ్మి కంపెనీకి 12 చెబుతారు, కంపెనీ తన ముడిసరుకు వాడికి ఇంకా ఎక్కువ చెబుతుంది. ప్రాక్టర్ అండ్ గాంబుల్ వాళ్లు ఇదే ఊపును పిల్లల డైపర్ల ఆర్డర్లలో గమనించి బుల్‌విప్ అని పేరు పెట్టారు. పిల్లలు వాడే డైపర్లలో పెద్ద తేడా లేదు, వెనక్కి వెళ్లేకొద్దీ ఆర్డర్లు మాత్రం చెర్నాకోల కొసలా ఊగిపోయాయి. మన దగ్గర దీనికి మందు ఫోన్, అడ్వాన్సు. పది రోజులు దాటిన ప్రతి బాకీకీ ఫోన్ చేసి "ఇంకా కావాలా, ఎన్ని, ఎప్పటికి" అని మూడే ప్రశ్నలు అడగండి. 35 కాస్తా 26 అయితే లెక్క 34కు పెరుగుతుంది, ఆర్డరు 54కు తగ్గుతుంది. ఆ తొమ్మిది పంపుల డబ్బు ఒక్క పూట ఫోన్లతో మిగిలినట్టే.

ఇటు ఇవ్వాల్సినవాటిలో దొంగ లెక్కలు ఉన్నట్టే, అటు రావాల్సినవాటిలోనూ ఉంటాయి. 60 అడిగితే కంపెనీ 40 పంపుతుంది. మిగతా 20 తర్వాత పంపుతుందా, రద్దు చేసిందా? కంపెనీకో పద్ధతి. రద్దు చేసి ఉంటే, మీ సిస్టమ్‌లో ఆ 20 ఎప్పటికీ రాని సరుకుగా "దారిలో" ఉండిపోతుంది, దాన్ని చూసి మీరు పీఓ పెట్టరు. బిల్లు రాగానే తక్కువ వచ్చినదాని సంగతి అదే రోజు అడిగి, రాదంటే పీఓలో మూసేయండి.

టాలీ (అకౌంట్ల సాఫ్ట్‌వేర్) వాడుతుంటే రీఆర్డర్ స్టేటస్ రిపోర్టు పైన చెప్పిన లెక్కనే చేసి పెడుతుంది: ఉన్న స్టాకుకు పెండింగ్ పర్చేజ్ ఆర్డర్లు కలిపి, ఇవ్వాల్సిన సేల్స్ ఆర్డర్లు తీసేస్తుంది. కానీ షాపులో ఆర్డర్లు వాట్సాప్‌లోనూ గుమాస్తా జేబులోని చీటీల మీదా ఉండి, టాలీలో బిల్లు మాత్రమే వేస్తుంటే, ఆ రిపోర్టుకు మీ బాకీ సంగతే తెలియదు. ఫోన్‌లో చెప్పిన ఆర్డరైనా సరే, సేల్స్ ఆర్డర్ వోచర్ వేసి డ్యూ తేదీ పెట్టాల్సిందే. రద్దయినవాటిని ప్రీక్లోజ్ చేయాలి, అంటే సరుకు ఇవ్వకుండానే ఆర్డరు మూసేయాలి. మన సరిహద్దు షాపుల్లో ఇంకో చిక్కు, ఐటెం పేర్లు. ఆర్డరు ఒడియాలో వస్తుంది, గుమాస్తా తెలుగులో రాస్తాడు, బిల్లు ఇంగ్లిష్‌లో. పైగా ఎన్‌ఆర్‌వీ, నాన్ రిటర్న్ వాల్వ్, రిఫ్లక్స్ వాల్వ్ మూడూ ఒకటే, టాలీలో మూడు ఐటెంలుగా ఉంటాయి. ఒకదాంట్లో స్టాకు సున్నా, ఇంకోదాంట్లో 14, ఒడిశా పార్టీకి మాత్రం "లేదు". పీఓ పెట్టే ముందు ర్యాక్ దగ్గరకెళ్లి చేత్తో లెక్కపెట్టండి. కొన్ని బాకీలు అక్కడే తీరిపోతాయి.

60 దిగాయి, అడిగేవాళ్లు అంతకంటే ఎక్కువున్నారు. ఎవరికివ్వాలి? ముందు అడిగినవాడికి ముందు అనేది న్యాయంగా కనిపిస్తుంది, కానీ వరుసలో మొదటివాడు ర్యాక్‌లో పెట్టుకోవడానికి అడిగిన షాపు, ఏడోవాడు పంపు కాలిపోయి చేలో నీళ్లు ఆగిన రైతు అయితే? నా అభిప్రాయంలో వరుస ఇలా ఉండాలి: నీళ్లు ఆగిపోయినవాళ్లు, తర్వాత అడ్వాన్సు కట్టినవాళ్లు తేదీల వారీగా, ఆ తర్వాత షాపులు. షాపులకు పూర్తిగా కాదు, అడిగినదాంట్లో సగం. ఈ వరుస ముందే అందరికీ చెప్పి ఉంచాలి. లారీ దిగాక గేటు దగ్గర ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లకిస్తే, తర్వాతి సీజన్‌కు అందరూ గొంతు పెంచడం నేర్చుకుంటారు.

సగం సరుకు పంపడం అన్నిచోట్లా మంచిది కాదు. బోరుకు పంపు, స్టార్టర్ ప్యానెల్, మూడు కోర్ల ఫ్లాట్ కేబుల్, పైపు, తాడు అన్నీ కలిస్తేనే పని. కేబుల్ లేకుండా పంపు పంపితే అది రైతు ఇంటి అరుగు మీద పడుంటుంది, మీ డబ్బు ఆగుతుంది, కేబుల్ ఉన్న ఇంకో రైతుకు పంపు అందదు. కిట్‌గా అడిగిన ఆర్డర్లలో దేనివల్ల ఆగుతోందో ఐటెం వారీగా రాసుకోండి. సాధారణంగా ఖరీదైన పంపు కాదు, కేబుల్ అతికించే జాయింట్ కిట్ లాంటి చిన్నది ఆపుతుంది. అలాంటి చవక ఐటెంలకు పైన చెప్పిన 1.645 బదులు 2.33 పెట్టండి, అంటే నూటికి 99 సార్లు. పెట్టుబడి పెద్దగా పెరగదు. ఇటు ఏడాదికి రెండు పోయే 10 హెచ్‌పీ పంపును స్టాకులో పెట్టనే వద్దు. దానికి బ్యాక్ ఆర్డరే సరైన పద్ధతి. అడ్వాన్సు తీసుకోండి, తెప్పించి ఇవ్వండి.

బదులు సరుకు ఇచ్చి బాకీ తీర్చేటప్పుడు జాగ్రత్త. 6203 బేరింగ్ ఏ కంపెనీదైనా లోపలి వ్యాసం 17, బయటి వ్యాసం 40, మందం 12 మిల్లీమీటర్లే. కొలతకు ఢోకా లేదు. కానీ పక్కన జెడ్‌జెడ్ ఉంటే రేకు మూత, 2ఆర్‌ఎస్ ఉంటే రబ్బరు సీలు, తడి తగిలే చోట రెండోదే పెట్టాలి. పంపుల విషయంలో హెచ్‌పీ ఒకటే అయితే చాలదు. అదే 1 హెచ్‌పీలో స్టేజీలు (నీళ్లు తోసే ఇంపెల్లర్ల వరుసలు) ఎక్కువున్నది ఎత్తుకు తోస్తుంది, తక్కువున్నది నీళ్లు ఎక్కువ పోస్తుంది. 200 అడుగుల బోరుకు రెండో రకం ఇస్తే నీళ్లు పైకి రావు, పంపు తిరిగి మీ దగ్గరికే వస్తుంది.

పార్టీకి చెప్పే తేదీ గురించి. "రేపు, ఎల్లుండి" అని చెప్పడం దయ్యానికి భయపడి గోడ మీద "రేపు రా" అని రాసినట్టే. సగటు 9 రోజులని 9 చెబితే సుమారు సగం సార్లు మాట తప్పుతారు, సగటు అంటేనే అంత. లారీ ఊపు 3ని 1.28తో గుణించి కలపండి: 9 + 4 = 13 రోజులు. నూటికి 90 సార్లు నిలబడే మాట అది. పదో రోజు వస్తే పార్టీకి ఆనందమే. తేదీ జారుతుందని తెలిసిన రోజే, పార్టీ అడగకముందే ఫోన్ చేయాలి.

డబ్బు, కాగితాల సంగతి కొంచెం. సరుకు మీద తీసుకునే అడ్వాన్సుకు మామూలు జీఎస్టీ డీలర్లు అప్పుడే పన్ను కట్టక్కర్లేదు, 2017 నవంబర్ 15 నుంచి అలాగే ఉంది. రసీదు వోచర్ మాత్రం ఇవ్వాలి, ఆర్డరు రద్దయి డబ్బు వెనక్కిస్తే రీఫండ్ వోచర్. 10 పంపుల ఆర్డరులో 6 పంపి 10కీ బిల్లు వేయకండి. ఒకే బిల్లు మీద విడతలుగా సరుకు వెళితే కొన్న షాపుకు చివరి విడత అందాకే ఇన్‌పుట్ క్రెడిట్ (కొనేటప్పుడు కట్టిన పన్నును సర్దుకునే వీలు) వస్తుంది, నాలుగు పంపుల బాకీకి పది పంపుల పన్ను ఇరుక్కుంటుంది. ఎన్ని పంపితే అన్నిటికే బిల్లు. మీ బండి మీద పాతపట్నంలో దించితే అది రాష్ట్రం దాటిన అమ్మకం, ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకానికి వేసే జీఎస్టీ) వేయాలి. కాంపోజిషన్ డీలరుకు (అమ్మకం మొత్తం మీద తక్కువ శాతం పన్ను కట్టే చిన్న డీలరుకు) అలా అమ్మే వీల్లేదు. అత్యవసరమై పాతపట్నం, టెక్కలి డీలర్ల దగ్గర నాలుగు పంపులు చేబదులు తెచ్చుకోవడం మామూలే, మహేంద్రతనయ నది దాటితే చాలు కదా. కానీ బిల్లో చలానానో లేకుండా దాటించకండి, విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) కూడా ఉండాలి. కోయంబత్తూరు నుంచి వచ్చే సరుకు ఈ-వే బిల్లుకు ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు. దూరం 1,400 కిలోమీటర్లయితే 7 రోజులు. సరుకు మధ్యలో బండి మారి గోడౌన్‌లో పడుంటే ఆ గడువు అయిపోతుంది. గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిశాక 8 గంటల దాకానే పొడిగించే వీలుంది, అది చేయాల్సింది ట్రాన్స్‌పోర్టు వాళ్లు. ఎల్‌ఆర్ నంబరుతో పాటు ఈ-వే బిల్లు ఆఖరి తేదీ కూడా మీ పుస్తకంలో రాసుకుంటే ఎవరికి ఎప్పుడు ఫోన్ చేయాలో తెలుస్తుంది.

ఇక అక్టోబర్. పైన వేసిన లెక్కలన్నీ మామూలు నెలలవి. ఫైలిన్ 2013లో గోపాల్‌పూర్ దగ్గర, హుద్‌హుద్ 2014లో విశాఖ దగ్గర, తిత్లీ 2018లో పలాస దగ్గర తీరం దాటాయి. మూడూ అక్టోబర్ 11, 12 తేదీల్లోనే. తిత్లీ గజపతి జిల్లాను ఎంత దెబ్బతీసిందో మీకు చెప్పక్కర్లేదు. తుపాను వస్తే గిరాకీ పెరగడం, దారి తెగడం ఒకేసారి జరుగుతాయి. ఫార్ములా మాత్రం ఆ రెంటికీ సంబంధం లేదనుకుని కడుతుంది, కాబట్టి అక్కడ దాన్ని నమ్మకండి. సెప్టెంబర్ 15 నాటికే స్టార్టర్లు, కేబుల్, కెపాసిటర్లు, మోటార్ వైండింగ్ వైరు మట్టాన్ని మామూలు గడువుకు ఇంకో పది రోజుల అమ్మకం కలిపి పెంచండి, నవంబర్ చివర్లో తిరిగి దించేయండి. పెద్ద పంపులకు అక్కర్లేదు, తుపాను తర్వాత జనం ముందు పాతవాటినే బాగుచేయించుకుంటారు. ఆ రెండు మూడు వారాల అమ్మకాన్ని విడిగా గుర్తుపెట్టి సగటులోంచి తీసేయండి. అది కలిస్తే డిసెంబర్‌లో మీ ఎక్సెల్ 88 బదులు 150 చూపిస్తుంది, ఆ సరుకు వేసవి దాకా గోడౌన్‌లో కూర్చుంటుంది.